మతం మారితే ఫీజు తగ్గేనా?

చోడవరం: మిషన్ పాఠశాలలో చదివే విద్యార్థి బాప్తిస్మం పొందితే ఫీజు తగ్గుతుందా? ప్రవేశాల వేళ తల్లిదండ్రులను తొలిచే ప్రశ్న ఇది. సంఘ సభ్యుల పిల్లలకు రాయితీ ఇవ్వడం యాజమాన్యం ఇష్టం, చట్టం నిర్బంధించదు. గుర్తింపు పొందిన బడిలో సంరక్షకుల సమ్మతి లేనిదే ప్రార్థనకు రమ్మనరాదని రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతోంది.

అసలు లెక్క తేలేది కుల ధ్రువపత్రం వద్ద. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. క్రైస్తవం స్వీకరించిన దళితులు రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. అక్కడ రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలకు 15 శాతం. బడి రాయితీ పదో తరగతితో ముగుస్తుంది. ఈ తేడా ఉద్యోగం దాకా వెంటాడుతుంది. అందుకే ఆదివారం చర్చికి వెళ్తూనే పత్రంలో హిందువులుగా కొనసాగేవారు ఉన్నారు. కేవలం రిజర్వేషన్ కోసం అలా చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఉపకార వేతనాల వంటి రాయితీలను మతం మారిన ఎస్సీలకూ 1977 నాటి జీవో 341 వర్తింపజేసింది. పల్లెల్లో ఈ సంగతి ఎరిగినవారు తక్కువే. మాడుగులకు ఎగువనున్న మన్యంలో ఈ చిక్కు లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. ఉత్తర్వును సవరించే అధికారం పార్లమెంటుదే.