పేరు చేరిస్తే కంట్రిబ్యూషన్ అయిపోదు!

2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకు ఓ వింత చిక్కు వచ్చిపడింది. వెబ్ డెవలపర్లకు బాగా తెలిసిన ఈ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కుప్పలుతెప్పలుగా పుల్ రిక్వెస్టులు వచ్చాయి. తెరిచి చూస్తే చాలావాటిలో కోడే లేదు. రీడ్‌మీ ఫైల్లో పంపినవాళ్ల పేర్లున్నాయంతే! గిట్ నేర్పే ఓ వీడియోలో ఈ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు. చూసినవాళ్లు మక్కికి మక్కి అదే చేశారు. ఆ వీడియో మన దేశానిదే.

ఇది మొదటిసారి కాదు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం ఇలాంటి రిక్వెస్టులే వెల్లువెత్తాయి. దాంతో అంగీకరించిన ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేస్తూ నిర్వాహకులు ఆ నెలలోనే నిబంధన మార్చారు.

తప్పెక్కడుంది?

తప్పంతా విద్యార్థులదే అనలేం. రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ ఉండాలని అందరూ చెబుతారు. ఎలా చేయాలో చెప్పేవారు తక్కువ. ల్యాబ్‌లో ఎవరి ప్రోగ్రాం వాళ్లు రాసుకుంటే నలుగురు ఒకే కోడ్‌పై పనిచేసే అలవాటు రాదు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను తయారుచేసింది లైనక్స్ కెర్నల్‌పై ఎందరో కలిసి పనిచేయడానికే. కాబట్టి కమాండ్లు బట్టీపడితే సరిపోదు, టీమ్ పద్ధతి తెలియాలి.

స్నేహితుడితో మొదలుపెట్టండి

సాధనకు ఇతరుల ప్రాజెక్టు ఎందుకు? ఇద్దరు కలిసి సొంత రిపాజిటరీ తెరవండి. దాన్ని 'గిట్ క్లోన్'తో తెచ్చుకుని, 'గిట్ స్విచ్ -సి'తో కొత్త బ్రాంచ్ మొదలుపెట్టండి. మార్పు చేశాక 'గిట్ డిఫ్'తో సరిచూసుకోండి. తర్వాత యాడ్, కమిట్, పుష్. పుల్ రిక్వెస్టు పెడితే మీ స్నేహితుడు రివ్యూ చేయాలి. ఇద్దరూ ఒకే లైన్ మార్చి చూడండి, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. దాన్ని చేత్తో సరిచేస్తేనే గిట్ వంటబడుతుంది.

రీసెట్, రివర్ట్ తేడా కూడా తెలియాలి. రీసెట్ బ్రాంచ్‌ను పాత కమిట్‌కు వెనక్కి జరుపుతుంది. రివర్ట్ పాత చరిత్రను అలాగే ఉంచి, తప్పును రద్దుచేసే కొత్త కమిట్‌ను చేరుస్తుంది. అందరూ వాడే బ్రాంచ్‌లో రివర్టే క్షేమం. ఇంకో జాగ్రత్త: పాస్‌వర్డో, ఏపీఐ కీనో పొరపాటున పుష్ చేస్తే, ఫైల్ తీసేసినా అది పాత కమిట్లలో ఉండిపోతుంది. వెంటనే ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

ఆ తర్వాతే ఇతరుల ప్రాజెక్టులకు వెళ్లండి. ముందు కంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవండి. ఏదైనా ఇష్యూ ఎంచుకుని, 'నేను చేయనా?' అని అడగండి. ఆ కోడ్ చూసే మెయింటెయినర్లలో చాలామంది తీరిక వేళల్లో, జీతం లేకుండా పనిచేసేవారే. వాళ్ల సమయం తినేసే వంద రిక్వెస్టుల కన్నా, వాళ్లు మెర్జ్ చేసిన ఒక చిన్న మార్పు మేలు. మీ గిట్‌హబ్ ప్రొఫైల్ తెరిచే ఇంటర్వ్యూయర్‌కూ ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.