"కొంచెం మందే కదా" అంటున్న అన్నలకి హాస్టల్ నుంచి ఒక మాట



పోయిన వారం గ్రూప్‌లో ఒక అన్న వీడియో పెట్టారు. అమెరికాలో ఒక ముసలాయన ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రైఫిల్ తూటాలు తనే నింపుకుంటాడు. మామూలు తూటా బదులు గుండ్రటి సీసం గుండు పెట్టి, మందు బాగా తగ్గించి వేస్తాడు. శబ్దం తక్కువ, దెబ్బ తక్కువ, ఉడతల్లాంటి చిన్న జంతువులకి సరిపోద్ది అంటాడు. దాని కింద మనోళ్ళ కామెంట్లు చూశాం. "మన తాతలు చేసిందీ ఇదే", "కొంచెం మందు వేస్తే ఏటవుద్ది", "పందుల్ని బెదిరించడానికే కదా, కేసు ఎందుకవుద్ది". నలభైకి పైగా లైకులు.

మా రూమ్‌లో నలుగురం ఉంటాం. నలుగురం మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ గుమ్మం తొక్కినోళ్ళమే. ఆ కామెంట్లు చదివి ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. ఎందుకో చెప్తాం. కోపం వస్తే రానీండి.

ముందు మందు సంగతి. ఆ ముసలాయన చేతిలో ఉన్నది ఫ్యాక్టరీలో తయారై, పరీక్షకి నిలబడిన గొట్టం. మందుని త్రాసులో తూచి వేస్తాడు. అయినా తక్కువ మందు వేసేవాళ్ళకి అక్కడా ఒక భయం ఉంది: గుండు బయటికి రాకుండా గొట్టం మధ్యలో ఇరుక్కుపోతే, చూసుకోకుండా రెండోది కాలిస్తే గొట్టం పగిలిపోద్ది. తక్కువ మందంటే తక్కువ ప్రమాదం అని వాళ్ళే అనుకోరు. మన నాటు తుపాకీ గొట్టం ఎక్కడిదో, ఎంత తట్టుకుంటుందో చేసినోడికే తెలీదు. మూతి నుంచి నింపే తుపాకీలో మందు తగ్గించి, గుండు దానికి ఆనకుండా మధ్యలో ఖాళీ ఉండిపోతే గొట్టం చీలే ప్రమాదం ఇంకా పెరుగుద్ది.

మాలో ఒకడి బాబాయ్ చోడి చేలో మంచె మీద కాపలా ఉన్నాడు. వానాకాలం, మందు చెమ్మగిల్లింది. కొంచెమే వేశాడు. చీకట్లో పేలిందో లేదో తెలీలేదు. పేలిందనుకుని దాని మీదే మళ్ళీ నింపాడు. ఎడం చేతి రెండు వేళ్ళు పోయాయి. ఆసుపత్రిలో దీపావళి బాంబు అని చెప్పాల్సొచ్చింది. నిజం చెప్తే పోలీసులొస్తారని భయం. వేళ్ళు పోయినోడు అబద్ధం కూడా ఆడాల్సి రావడం, అదీ మన బతుకు.

రెండోది, ఆ గుండు తగిలేది పందికేనని ఎవరు చెప్పారు? ఇటుకల పండుగ వేట మన గౌరవం, కాదనం. ఒట్టి చేతులతో వస్తే ఆడోళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారని మగోళ్ళు పట్టుదలగా పోవడం చిన్నప్పట్నుంచీ చూశాం. కానీ పొద చాటున కదిలింది పందో మనిషో మందుకి తెలీదు. దగ్గర్నుంచి తగిలితే తక్కువ మందు గుండు కూడా మనిషిని చంపుద్ది.

మూడోది చట్టం. 1959 ఆయుధాల చట్టం తుపాకీ అంటే ఏంటో చెప్పేటప్పుడు పేలుడు వల్ల గానీ మరో శక్తి వల్ల గానీ ఏ రకం గుండునైనా వదిలేదానికి తయారు చేసిన ఆయుధం అంటుంది. ఎంత మందు అని అడగదు. పందికా పిట్టకా అని అడగదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్ళు. తయారు చేస్తే కనీసం ఏడేళ్ళు, యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. మా పక్క రూమ్ తమ్ముడి అన్న మీద ఇలాంటి కేసే. వాయిదాలకి తిరగడానికి డబ్బుల్లేక తమ్ముడు సెమిస్టర్ మధ్యలో చదువు మానేసి కూలికి పోయాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ అనే మాట వింటేనే ఆ ఇంట్లో అన్నం దిగదు. "కొంచెం మందే కదా" అని ఏ కోర్టులో చెప్తారు అన్నా?

ఇంతవరకూ మనోళ్ళని అన్నాం. ఇప్పుడు అసలు అడగాల్సినోళ్ళని అడుగుదాం.

అదే ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ ఉంది. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైతే, మూతి నుంచి మందు నింపే తుపాకీకి లైసెన్స్ ఇవ్వాలి అని అందులో ఉంది. దయతో ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి అని. మనిషి మీద వేరే అభ్యంతరం ఉంటే నిరాకరించొచ్చు. కానీ ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కుదరదని 14వ సెక్షన్ చెప్తుంది. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి, అడిగితే మామూలుగా మనకి ఇవ్వాలి. ఈ సెక్షన్ గురించి మీ ఊరికి ఎవరైనా వచ్చి చెప్పారా? మా నాలుగు ఊళ్ళకి ఎవరూ రాలేదు. నాటు తుపాకులు అప్పగించండి అని మైకులో చెప్పడానికి మాత్రం వచ్చారు.

కర్ణాటకలో కొడగు జిల్లా ఉంది. అక్కడ కొడవలకీ, జమ్మా భూములున్నోళ్ళకీ తుపాకీ లైసెన్స్ అక్కర్లేదు. 1861లో, 1857 తిరుగుబాటు అయిన కొన్నేళ్ళకి, బ్రిటిష్ వాడు ఇచ్చిన మినహాయింపు అది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సరేనంది. తుపాకీ వాళ్ళ సంస్కృతిలో భాగం అన్నారు. వాళ్ళ మీద మాకు కుళ్ళు లేదు. మా ప్రశ్న ఒక్కటే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన మన్యం జనం సంస్కృతి ఎవరికీ కనపడదా? అల్లూరి విగ్రహానికి దండేసే చేత్తోనే ఆ మన్యం మనవడి మీద ఆయుధాల కేసు రాయడం ఏం న్యాయం?

ఒకటి మాత్రం కలపకండి. తుపాకీ లైసెన్స్ వస్తే పందిని చంపే హక్కు వచ్చినట్టు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వేట హక్కుని పక్కన పెట్టేసింది. పంటని పాడుచేసే జంతువుని చంపాలంటే 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అది కూడా అడిగి తీసుకోవాల్సిందే. ఇస్తే ఇవ్వాలి, లేదంటే మంచె మీద ఆరునెలలు మేలుకున్న మనిషికి పంట నష్టం కట్టివ్వాలి. రెండూ లేకుండా చేతులు కట్టుకుని కూర్చోమంటే కుదరదు.

అందుకే అన్నలారా, మందు తగ్గించడం కాదు, భయం తగ్గించుకుందాం. తాటాకు చూరులో దాచిన తుపాకీ పంటని కాపాడదు, ఇంట్లో కుర్రోడి చదువుని తినేస్తుంది. ఈ సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు మేం నలుగురం 13, 14 సెక్షన్లు తెలుగులో రాసి పట్టుకెళ్తున్నాం. గ్రామసభలో చదువుతాం. పంట నష్టపోయిన ప్రతి ఇంటి నుంచీ లైసెన్స్ దరఖాస్తు, పంట నష్టం దరఖాస్తు రెండూ పెట్టిస్తాం. రసీదు తీసుకుంటాం. కాదంటే కారణం రాసివ్వమంటాం. ఈలోపు నాటు తుపాకీ చేసి, నింపి పెట్టుకోమని ఏ తమ్ముడికీ ఎవరూ చెప్పొద్దు. ఆ వీడియో పెట్టిన అన్న కూడా దాన్ని తీసేయాలి.

మీ ఊళ్ళో కూడా చదువుతారా? చదువుతాం అన్నోళ్ళు ఊరి పేరు కింద రాయండి. కాగితం మేం పంపిస్తాం.

జోహార్ మన్యం వీరులకి.

— హాస్టల్ కుర్రోళ్ళం