పాత పాటకు కొత్త గొంతు: కవర్ వెర్షన్ల చట్టాన్ని సవరించాలి

గీతరచయితలకు, సంగీత దర్శకులకు, గాయనీ గాయకులకు, శ్రోతలకు, పార్లమెంటు సభ్యులకు విజ్ఞప్తి

ఒకసారి రికార్డుగా వెలువడి జనంలోకి వెళ్లిన పాటను మరొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో మళ్లీ పాడి రికార్డు చేస్తే దానిని కవర్ వెర్షన్ అంటారు. హక్కుదారు ప్రత్యేకంగా ఒప్పుకోకపోయినా, ముందుగా తెలియజేసి, నిర్ణీత రాయల్టీ చెల్లించి ఇలా పాడుకునే వీలును భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 31సి ద్వారా కల్పించింది. అయితే 2012లో చేరిన ఆ సెక్షన్ షరతులు క్యాసెట్లు, సీడీలు దుకాణాలలో అమ్ముడుపోయిన కాలపు అలవాట్లకు తగినట్లు రాసినవి కావడం వల్ల, ఇంట్లో మైకు ముందు కూర్చొని పాడి ఇంటర్నెట్‌లో ఉంచే నేటి గాయకునికి అవి దారి చూపడం మాని అడ్డుగోడలుగా నిలిచాయి. చట్టాన్ని గౌరవించి పాడాలనుకున్నవారికి కూడా ఆచరణలో మార్గం లేకుండా పోయింది. చిన్న గాయకులు సైతం తక్కువ రుసుముతో, ఒకే చోట దరఖాస్తు చేసి, మూలకర్తల పేర్లు చెప్పి పాడుకోగలిగేలా ఈ సెక్షన్‌ను సవరించాలన్నదే ఈ కరపత్రం ఉద్దేశం.

ఒక పాట, మూడు హక్కులు

శ్రోతకు పాట ఒక్కటే అయినా చట్టం దృష్టిలో అది మూడు వేర్వేరు ఆస్తుల కలయిక. పాటలోని మాటలు సాహిత్య కృతి, బాణీ సంగీత కృతి, ఆ రెండింటినీ పాడించి భద్రపరచినది ధ్వనిముద్రణ. మొదటి రెండింటికీ కర్త జీవించినంత కాలం, ఆపైన మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ధ్వనిముద్రణకు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1955లో విడుదలైన ‘మిస్సమ్మ’ పాటలను ఉదాహరణగా తీసుకొని, రికార్డులు కూడా ఆ ఏడాదే వెలువడ్డాయని లెక్క కడితే, ధ్వనిముద్రణ హక్కు 2015 చివరితో ముగిసింది. 1971లో మరణించిన పింగళి నాగేంద్రరావు మాటలపై హక్కు 2031 చివరి వరకు, 1999లో మరణించిన సాలూరి రాజేశ్వరరావు బాణీలపై హక్కు 2059 చివరి వరకు కొనసాగుతాయి. రికార్డుకు గడువు తీరినంత మాత్రాన పాట అందరి సొత్తు కాదని, దానిని మళ్లీ పాడి రికార్డు చేయదలచినవారికి మరికొన్ని దశాబ్దాల పాటు అనుమతి అవసరమని దీనివల్ల తెలుస్తుంది.

భక్తి సంగీతంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అన్నమాచార్యుని సంకీర్తనల సాహిత్యం ఐదు శతాబ్దాల నాటిది కనుక దానిపై ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరే తప్ప పాడే వరుస లేకపోవడంతో, నేడు వినబడుతున్న బాణీలలో అనేకం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. వారిలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు. సాధారణ నియమం వర్తిస్తే ఆయన కట్టిన వరుసలకు 2039 చివరి వరకు రక్షణ ఉంటుంది. సంకీర్తన పాడి రికార్డు చేసేవారిలో ఎంతమందికి ఈ తేడా తెలిసినా, అనుమతి ఎవరిని అడగాలో తెలిపే చోటు మాత్రం ఒక్కటీ లేదు.

కవర్ వెర్షన్‌ను దానికి దగ్గరగా కనిపించే ఇతర పద్ధతుల నుంచి వేరు చేసి చూడాలి. కవర్ పాడేవారు మాటలను, బాణీని మాత్రమే వాడుకొని ధ్వనిని కొత్తగా సృష్టిస్తారు. పాత రికార్డులోని ధ్వనినే తీసుకొని దానికి కొత్త తాళం జోడించేవారికి మూడో హక్కు కూడా కావాలి. ఒక బాణీని మరో భాషకు తరలించి కొత్త మాటలు కూర్చడం ఇంకొక పద్ధతి. ‘మిస్సమ్మ’లోని బృందావనం పాట బాణీ 1957 నాటి హిందీ చిత్రం ‘మిస్ మేరీ’లో హేమంత్ కుమార్ సంగీత దర్శకత్వంలో వినిపించడం దీనికి తెలిసిన ఉదాహరణ. ఇవన్నీ ఒప్పందాల ద్వారా సాగవలసినవి. మాటలూ బాణీ మార్చకుండా పాడే కవర్‌కు మాత్రమే చట్టం ప్రత్యేక వెసులుబాటు ఇచ్చింది కనుక ఇక్కడి కోరికలు దానికే పరిమితం.

ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చింది

హక్కుదారు సమ్మతితో నిమిత్తం లేకుండా పాడుకోనిచ్చే ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో పియానోను తనంతట తానే వాయించేలా చేసే రంధ్రాల కాగితపు చుట్టలు స్వరలిపికి నకళ్లు కావని 1908లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వరకర్తల నష్టాన్ని సరిదిద్దుతూనే, పాటల హక్కులన్నీ ఒకే పెద్ద కంపెనీ గుప్పిట్లోకి పోకుండా చూడాలని 1909లో అక్కడి చట్టసభ ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. దాని ప్రకారం, స్వరకర్త ఒకసారి తన పాటను యంత్రం ద్వారా వినిపించడానికి ఒప్పుకుంటే, ఆ తర్వాత ఎవరైనా ప్రతికి రెండు సెంట్ల చొప్పున చెల్లించి దానిని రికార్డు చేసుకోవచ్చు. 1911 నాటి బ్రిటిష్ చట్టం ఇటువంటి ఏర్పాటునే చేసింది, 1914లో కొన్ని మార్పులతో అది భారతదేశానికి వచ్చింది, స్వతంత్ర భారతం 1957లో చేసుకున్న చట్టం కూడా దానిని నిలుపుకొంది.

1980లలో క్యాసెట్లు చౌకగా దొరకడం మొదలయ్యాక టి-సిరీస్ వంటి సంస్థలు ఈ నిబంధన ఆధారంగా పాత సినిమా పాటలను కొత్త గొంతులతో పాడించి పెద్దఎత్తున అమ్మాయి. దానివల్ల కొత్త గాయకులకు అవకాశాలు వచ్చినా, అట్టమీది బొమ్మలూ పేర్లూ చూసి అసలు రికార్డేనని కొనుగోలుదారులు పొరబడుతున్నారన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి. అందుకే 1994 సవరణ మొదటి రికార్డు వెలువడిన సంవత్సరం ముగిశాక రెండేళ్లు ఆగాలని నియమం పెట్టగా, 2012 సవరణ ఆ గడువును ఐదేళ్లకు పెంచి మరికొన్ని షరతులు చేర్చింది. అదే 2012 సవరణ గీతరచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో సమాన వాటా ఇచ్చి, ఆ హక్కును వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసి ఇవ్వకూడదని కట్టడి చేసింది. కాబట్టి కవర్ పాటలు చట్టబద్ధంగా సాగితే వచ్చే రుసుములో నిర్మాతలతో పాటు పాట రాసినవారికి, కట్టినవారికి కూడా నేరుగా భాగం ఉంటుంది.

నాలుగు అడ్డంకులు

మొదటి అడ్డంకి కనీస రుసుము. ఎన్ని ప్రతులు చేసినా, ప్రతులు చేసిన ప్రతి సంవత్సరానికీ ఒక్కో కృతికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ ముందుగా చెల్లించాలని సెక్షన్ 31సి చెబుతుంది. రాయల్టీ ప్రతికి ఒక్క రూపాయే అనుకున్నా, మాటలకు 50,000, బాణీకి 50,000 కలిపి ఏడాదికి లక్ష రూపాయలు అవుతాయి. పెద్ద కంపెనీకి లెక్కలోకి రాని ఈ మొత్తం ఏలూరులోనో నిజామాబాదులోనో సొంతంగా పాడుకునే గాయనికి భరించరానిది. చిన్న భాషలు, మాండలికాల కృతులకు వాటి వ్యాప్తిని బట్టి ఈ కనీస సంఖ్యను తగ్గించే అధికారం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. కానీ ఆ అధికారం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నదే రెండో అడ్డంకి.

రాయల్టీ రేటు నిర్ణయించే పని మొదట కాపీరైట్ బోర్డుది. 2017లో ఆ బోర్డు మేధాసంపత్తి అప్పీళ్ల ట్రిబ్యునల్‌లో కలిసిపోయింది, 2021లో ఆ ట్రిబ్యునల్ కూడా రద్దయి దాని అధికారాలు న్యాయస్థానాలకు బదిలీ అయ్యాయి. ఇద్దరి మధ్య తగవు తీర్చడం కోర్టుల పని. దేశమంతటికీ వర్తించే రేట్లను ఎప్పటికప్పుడు సవరిస్తూ ప్రకటించడం వాటి స్వభావానికి సరిపడదు. రేటు తెలియడానికే కోర్టు మెట్లు ఎక్కవలసిన చోట సామాన్య గాయకుడు ఆ ప్రయత్నం చేయడు.

మూడో అడ్డంకి మాధ్యమానికి సంబంధించినది. కవర్ వెర్షన్ మునుపటి రికార్డు ఏ మాధ్యమంలో ఉందో అదే మాధ్యమంలో ఉండాలని, ఆ మాధ్యమం వాడుకలో లేనప్పుడే మరొకదానికి మారవచ్చని చట్టం అంటుంది. పైగా ఈ సెక్షన్ ధ్వనిముద్రణకు మాత్రమే వర్తిస్తుంది, గాయకుడు కనిపిస్తూ పాడే వీడియో దీని పరిధిలోకి రాదు. రేడియో, టెలివిజన్ ప్రసారాలకు ఉద్దేశించిన పక్క సెక్షన్ 31డి ఇంటర్నెట్ పాటల సేవలకు వర్తించదని ఆడియో కంపెనీ టిప్స్‌కు, ఇంటర్నెట్ పాటల సేవ వింక్‌కు మధ్య వివాదంలో బాంబే హైకోర్టు 2019లో తేల్చగా, 2022లో అదే కోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పును సమర్థించింది. చట్టంలో స్పష్టంగా లేనిదాన్ని కోర్టులు ఊహించి చేర్చవని ఈ అనుభవం హెచ్చరిస్తున్నందున, కవర్ల విషయంలో ఇంటర్నెట్‌ను చట్టమే పేరు పెట్టి చెప్పాలి. అంతవరకు యూట్యూబ్ వంటి వేదికల మీద పాట ఉంటుందా పోతుందా, ఆదాయం ఎవరికి చేరుతుంది అన్నవి ఆయా కంపెనీల మధ్య ఒప్పందాలు, బాణీలను పోల్చి పట్టే యంత్రాలు తేలుస్తూనే ఉంటాయి.

నాలుగోది పేర్ల నిషేధం. మునుపటి గాయకుల పేరు గానీ, పాట ఉన్న సినిమా పేరు గానీ కవర్ వెర్షన్ అట్ట మీద ఉండరాదని సెక్షన్ 31సి శాసిస్తుంది. మోసాన్ని ఆపడానికి పెట్టిన ఈ నియమం, పాటను సినిమా పేరుతోనే గుర్తుపట్టే తెలుగు శ్రోతల మధ్య మూలాన్ని దాచిపెట్టే ఏర్పాటుగా మారింది. అనుకరించి మోసగించడం వేరు, ఎవరి పాటో గౌరవంగా చెప్పుకోవడం వేరు. మొదటిదాన్ని నిషేధించి రెండోదాన్ని తప్పనిసరి చేయడమే సరైన పద్ధతి.

మూలం చెప్పడం ఎందుకు ముఖ్యం

పాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోవడం వల్ల కలిగే నష్టానికి ప్రపంచమంతటా ఉదాహరణగా చెప్పేది దక్షిణాఫ్రికా జులూ గాయకుడు సోలొమన్ లిండా కథ. ఆయన 1939లో రికార్డు చేసిన ‘ఎంబూబే’ పాట ఆధారంగా వచ్చిన ఆంగ్ల గీతం దేశదేశాలలో మోగి, చివరికి ‘లయన్ కింగ్’ చిత్రంలోనూ వినిపించింది. ఆయన మాత్రం 1962లో పేదరికంలోనే మరణించారు, వారసులకు పరిష్కారం దొరికేసరికి 2006 వచ్చింది. తెలుగు నేల మీద 2021 నాటి ‘సారంగదరియా’ పాట ఇలాంటి చర్చకే తావిచ్చింది. జానపదుల నోట పెరిగిన పాట సినిమాకెక్కినప్పుడు దానిని వెలికితీసి పాడినవారికి ఏపాటి గుర్తింపు దక్కాలన్న వాదం అప్పుడు పత్రికలకెక్కింది.

సంప్రదాయం ఎక్కడ ముగుస్తుందో, ఒక వ్యక్తి రచన ఎక్కడ మొదలవుతుందో తేల్చడం న్యాయమూర్తులకు కూడా సులభం కాదు. ‘పొన్నియిన్ సెల్వన్-2’ చిత్రంలోని ఒక పాటకు గాయకులైన డాగర్ సోదరుల ‘శివస్తుతి’ ఆధారమన్న దావాలో 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం వారి పేర్లు చేర్చాలని ఆదేశించగా, సెప్టెంబరులో డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును రద్దు చేసింది. హక్కు ఎవరిదన్న ప్రశ్న ఏళ్ల తరబడి నలగవచ్చు గానీ, పాట తమకు ఏ ఊరి నుంచి, ఎవరి నోటి నుంచి, ఏ సంకలనం నుంచి అందిందో రాయడానికి తీర్పు కోసం ఎదురుచూడనక్కరలేదు.

అభ్యంతరాలకు సమాధానం

సవరణ వల్ల పాటల విలువ పడిపోతుందని, ఎవరు పడితే వారు పాడి పాడుచేస్తారని కొందరు స్వరకర్తలు భయపడవచ్చు. ఆ భయం తీర్చే నియమం చట్టంలో ఇప్పటికే ఉంది. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మాటలను, బాణీని మార్చరాదని సెక్షన్ 31సి అంటుంది. తన రచనను వికృతపరచి పేరుకు భంగం కలిగించినప్పుడు ఎదిరించే హక్కును సెక్షన్ 57 కర్తకు ఇస్తుంది. ఆ రెండింటినీ సడలించమని ఇక్కడ ఎవరూ కోరడం లేదు.

బేరం కుదుర్చుకునే స్వేచ్ఛను హక్కుదారులకే వదిలేస్తే సరిపోతుంది కదా అన్నది మరో వాదన. ఒక సినిమా పాట హక్కులు రచయిత, స్వరకర్త, నిర్మాత, ఆడియో కంపెనీ మధ్య చీలి, తరాలు మారేకొద్దీ వారసుల మధ్య మరింత చీలుతున్నప్పుడు, వారందరినీ వెతికి పట్టుకోవడానికయ్యే ఖర్చు పాట వల్ల వచ్చే ఆదాయాన్ని మించిపోతుంది. ఈ చిక్కును గుర్తించే అమెరికా 2018లో చట్టం మార్చింది. 2021 జనవరి నుంచి ఇంటర్నెట్ సేవలు ఒకే సంస్థ ద్వారా గంపగుత్తగా అనుమతి పొంది, అక్కడే రాయల్టీ చెల్లిస్తున్నాయి. భారతదేశంలో అటువంటి పనికి పునాది కొత్తగా వేయనక్కరలేదు. 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ గీతరచయితల, స్వరకర్తల, సంగీత ప్రచురణకర్తల రాయల్టీలను వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీగా 2017లో మళ్లీ నమోదై పనిచేస్తోంది.

కోరుతున్న సవరణలు

1. కనీసం 50,000 ప్రతుల నిబంధనను తొలగించి, వాస్తవంగా జరిగిన అమ్మకాలు, పాటను విన్న సార్ల సంఖ్య మేరకు రాయల్టీ విధించాలి. ఏ ఆదాయమూ ఆశించని గాయకులకు నామమాత్రపు ఏకమొత్తం రుసుము ఉండాలి.

2. నిరీక్షణ గడువును ఐదేళ్ల నుంచి, 1994 సవరణలో ఉన్నట్లే, రెండేళ్లకు తగ్గించాలి. కొత్త సినిమా పాటల వ్యాపారానికి ఆ గడువు చాలినంత రక్షణ ఇస్తుంది.

3. కవర్ వెర్షన్ ఇంటర్నెట్‌తో సహా ఏ మాధ్యమంలోనైనా ఉండవచ్చని, గాయకులు, వాద్యకారులు పాడుతూ వాయిస్తూ కనిపించే వీడియోకు కూడా ఇదే లైసెన్స్ వర్తిస్తుందని స్పష్టంగా రాయాలి. కథాచిత్రాలకు, ప్రకటనలకు ఈ వెసులుబాటు ఉండరాదు.

4. రచయిత, స్వరకర్త, మొదటి గాయకులు, సినిమా పేర్లను, ‘ఇది కవర్ వెర్షన్’ అన్న వాక్యంతో పాటు ప్రకటించడం తప్పనిసరి చేయాలి. జానపద, సంప్రదాయ గీతాలకు ప్రాంతం, పాడి అందించినవారి పేరు, సేకరించినవారి పేరు తెలిసినంత మేర పేర్కొనాలి.

5. రేట్లను నిర్ణయించి, మూడేళ్లకొకసారి సమీక్షించి ప్రకటించే శాశ్వత అధికార సంస్థను నియమించాలి. కాపీరైట్ సొసైటీల ద్వారా తెలుగుతో సహా అన్ని భారతీయ భాషలలో దరఖాస్తు చేసుకోగల ఒకే ఆన్‌లైన్ వ్యవస్థను, ఏ పాట హక్కు ఎవరిదో ఉచితంగా చూసుకోగల జాబితాను ఏర్పరచాలి.

చట్టం మారేలోగా చేయగలిగినవి కూడా ఉన్నాయి. గీతరచయితలు, స్వరకర్తలు, మరణించినవారి వారసులు కాపీరైట్ సొసైటీలో తమ పాటలను నమోదు చేయించుకోవాలి. నమోదు కాని పాటకు ఎంత మంచి చట్టం వచ్చినా రాయల్టీ చేరదు. కవర్ పాడేవారు వివరణలో మూలకర్తల పేర్లు పూర్తిగా రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి. సంగీత కళాశాలలు, లలితకళా సంఘాలు, రచయితల సంఘాలు పై ఐదు అంశాలతో తీర్మానాలు చేసి, కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖకు, తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యులకు పంపాలి. పాడేవారు, పాట కట్టినవారు ఒకరికొకరు ప్రత్యర్థులన్న భావన విడిచి ఇరువర్గాలూ కలిసి ఈ సవరణను కోరితే, దానిని వాయిదా వేయడానికి ప్రభుత్వం దగ్గర సరైన కారణం మిగలదు.