బొమ్మల కొలువు – చేతికి మిగలవలసిన పని

కృష్ణా డెల్టాలో సంక్రాంతి పంట ఇంటికి చేరే వేళ వచ్చే పండుగ. వాకిట ముగ్గులూ గొబ్బెమ్మలూ తీరినట్లే, ఎన్నో ఇళ్లలో లోపలి గదిలో బొమ్మల కొలువు తీరుతుంది. కొందరు దసరా నవరాత్రులలోను, మరికొందరు సంక్రాంతి మూడు రోజులలోను కొలువు పెడతారు. ఈ ఆచారం నేటికీ నిలిచి ఉంది. అయితే దాని స్వభావంలో ఒక మార్పు వచ్చింది. ఒకప్పుడు కొలువులో అధికభాగం ఇంట తయారయ్యేది. నేడు అధికభాగం అంగడి నుండి వస్తున్నది.

కూచిపూడి, మొవ్వ, ఘంటసాల వంటి డెల్టా గ్రామాలలో కొలువుకు కావలసిన సామగ్రి ఇంటి చుట్టూనే లభించేది. పెట్టెలూ బల్లలూ బేసి సంఖ్యలో మెట్లుగా పేర్చి, వాటిపై తెల్లని వస్త్రం పరిచేవారు. పై మెట్లపై దేవతామూర్తులు, తరతరాలుగా వచ్చిన కొయ్యబొమ్మలు కొలువుదీరేవి. వాటి ముందు నేలమీద పిల్లలు ఒక పల్లెనే నిర్మించేవారు. కాలువగట్టు బంకమట్టి కొండ అయ్యేది. కోతల తరువాత మిగిలిన వరిగడ్డి గుడిసెల కప్పు అయ్యేది. పగిలిన అద్దం చెరువు అయ్యేది. పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే పండుగనాటికి పచ్చని చేను మొలిచేది.

ఇది కేవలం వినోదం కాదు. ఆవాలు ఏ రోజు చల్లితే భోగినాటికి పచ్చదనం వస్తుందో లెక్క కట్టాలి. గుడిసె కప్పుకు వాలు ఎందుకు ఉండాలో గ్రహించాలి. మనిషి బొమ్మ గుడిసెకంటె పెద్దదైతే పల్లె పల్లెవలె కనబడదని తెలుసుకోవాలి. కాలగణన, నిర్మాణం, పరిమాణం అనే మూడు పాఠాలను పిల్లలు పుస్తకం తెరవకుండానే నేర్చుకొనేవారు.

నేడు పెళ్లి ఊరేగింపు, కూరగాయల అంగడి, క్రికెట్ ఆట వంటి దృశ్యాలు పెట్టెలో అమర్చి అమ్మబడుతున్నాయి. మడత పెట్టగల ఇనుప మెట్లు, ప్లాస్టిక్ గడ్డి కూడ దొరుకుతున్నాయి. ఒక గంటలో కొలువు సిద్ధమవుతుంది. ఈ మార్పును తప్పుపట్టడం సులభమే. కాని దాని కారణాలను విస్మరించడం న్యాయం కాదు. విజయవాడ అపార్టుమెంటులో బంకమట్టి ఎక్కడ దొరుకుతుంది? తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట తీరిక ఏది? పూర్వం ఈ శ్రమలో పెద్దభాగం స్త్రీలపైనే పడిందన్నది కూడ నిజం.

అంతేకాదు, కొనుగోలు కొలువుకు కొత్త కాదు. కొండపల్లి బొమ్మలను జనం ఏనాడూ కొనే తెచ్చుకున్నారు. అక్కడి కళాకారులు తెల్లపొణికి అనే తేలిక కర్రను ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. దశావతారాలు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి, కల్లుగీత కార్మికుడు ఆ కర్రలోనే రూపుదిద్దుకుంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ కొనేవారు లేకపోతే నిలువదు. కనుక కొనడమే దోషమని చెప్పలేము.

మరి దోషం ఎక్కడ ఉంది? దీనికి సముద్రాల ఆవలి ఒక ఉదాహరణ సమాధానమిస్తుంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ తన కుమారుల కోసం చిల్లులున్న లోహపు పట్టీలు, మరలతో ఒక ఆటసామగ్రిని రూపొందించి, 1901లో దానికి పేటెంటు పొందాడు. అదే తరువాత మెకానోగా ప్రసిద్ధి చెందింది. అది కూడ అంగడిలో కొనే వస్తువే. కాని పెట్టె తెరిచిన పిల్లవానికి అందులో వంతెన కనబడదు. వంతెన కట్టుకొనే అవకాశం కనబడుతుంది. 1920లో ఆయన సంస్థ రైలు బొమ్మలనూ తెచ్చింది. ఆ తరువాత రైలు నమూనాలను అభిరుచిగా పెంచుకున్నవారిలోనూ ఇదే వాదం వచ్చింది: పెట్టెలను, స్టేషన్లను స్వయంగా తయారు చేయడమా, సిద్ధంగా ఉన్నవి కొనడమా అని. అసలు ప్రశ్న కొన్నామా, చేశామా అన్నది కాదు. కొన్న తరువాత చేతికి ఎంత పని మిగిలింది అన్నది.

ఈ భేదం కూచిపూడి కళలోనూ కనబడుతుంది. భాగవతుల కిరీటాలు, భుజకీర్తులు తేలిక కర్రతో చేసేవారు; నర్తకుడు వాటిని ధరించి గంటల తరబడి ఆడాలి కదా! సత్యభామ జడను తన చేతులతో కూర్చిన వానికి ఏ అలంకారం ఎక్కడ ఎందుకు నిలుస్తుందో తెలుస్తుంది. సిద్ధంగా దొరికే ఆభరణాల పెట్టె నేటి నర్తకికి సౌకర్యమే. కాని కూర్చడంలోని తెలివి ఆ పెట్టెలో రాదు.

చేసినవానికి బాగుచేయడమూ తెలుస్తుంది. కొయ్యబొమ్మ చేయి ఊడితే మక్కుతో అతికే ఇంట ఆ బొమ్మ మనుమరాలి కొలువులోనూ నిలుస్తుంది. అతకడం తెలియని ఇంట అది చెత్తబుట్టకు చేరుతుంది. తయారీ మరచిన సమాజం క్రమంగా కాపాడుకోవడమూ మరచిపోతుంది.

కాబట్టి పరిష్కారం పాతకాలానికి మరలిపోవడంలో లేదు. బొమ్మను కళాకారుని వద్ద కొందాం. పల్లెను మాత్రం ఇంట నిర్మిద్దాం. అపార్టుమెంటులోనైనా ఒక పళ్లెం మట్టికి, పిడికెడు ఆవాలకు చోటుంటుంది. ఆ పనిలో ఆడపిల్లలతోపాటు మగపిల్లలనూ కూర్చోబెట్టాలి. వంకరగా నిలిచిన గుడిసె అయినా సరే, దానిని ఎలా నిలబెట్టాలో పిల్లవాడు మరుసటి ఏడు నేర్చుకుంటాడు. ఆ అవకాశాన్ని ఏ పెట్టె కూడ అతని నుండి తీసుకోరాదు.