ఎదురుకాళ్ళ వైద్యం

బస్తా ఎత్తబోయి నడుం పట్టేసిందా? ఎదురుకాళ్ళతో, అంటే కాళ్ళు ముందుగా వచ్చి పుట్టినవాళ్ళను పిలవండి, కాలితో తొక్కితే పోతుంది అంటారు పెద్దలు. తెలుగు పల్లెల్లో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నెలలు నిండాక కూడా నూటికి ముగ్గురు నలుగురు శిశువులు కడుపులో తల పైకే ఉంచుకుంటారు. కవల గర్భం, ఉమ్మనీటి హెచ్చుతగ్గులు, గర్భాశయం ఆకారం లాంటివి అందుకు కారణాలు. అలా పుట్టినంత మాత్రాన పాదానికి ఏ మహిమా రాదు.

‘మరి తగ్గింది కదా?’ అని అడుగుతారు. నిజమే, తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అర్ధరాత్రి పట్టేసిన పిక్క మామూలుగా కొన్ని నిమిషాల్లోపే దానంతటదే వదులుతుంది. నడుం పట్టు చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా దారం కట్టినా, దిండు ఎండలో పెట్టినా ఘనత దానికే దక్కుతుంది. కాకి వాలగానే తాటిపండు రాలినట్టు. తగ్గనివాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

పిక్క పట్టేసినప్పుడు నరం మీద నరం ఎక్కదు. వెన్నుపాములోంచి కండరానికి ఆజ్ఞలిచ్చే నాడీకణాలు అదుపు తప్పి ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపుతాయి, కండ రాయిలా బిగుస్తుంది. మోకాలు చాచి, పాదాన్ని ఒంటివైపు లాగిపట్టాలి. కండ సాగితే బిగువు సడలుతుంది. దీనికి మంత్రగాడూ అక్కర్లేదు, మాత్రా అక్కర్లేదు.

మాత్రల మీద గుడ్డినమ్మకాన్నీ ప్రశ్నించాల్సిందే. పిక్కల పట్టుకు అమెరికాలో క్వినైన్‌ను చీటీ లేకుండానే అమ్మేవారు. ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోవడం చూశాక 1994లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆ అమ్మకాన్ని నిషేధించింది. మెగ్నీషియం వల్ల వయసు మళ్ళినవారికి చెప్పుకోదగ్గ మేలు ఉండకపోవచ్చని 2020 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయినా చాలామంది అది మింగుతూనే ఉన్నారు.

ఎముకలు గుల్లబారిన ముసలివాళ్ళ నడుం మీద కాలు మోపితే వెన్నుపూస విరగవచ్చు. దయచేసి ఎవరి చేతా తొక్కించకండి. నడుంనొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరండి. ఒక కాలి పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ఆ కాలిని మర్దన చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.