బూట్ అయిందంటే నిలబడినట్టు కాదు

ఈ పోస్టు కొంచెం ఘాటుగానే ఉంటుంది. కోపం తెచ్చుకున్నా పర్వాలేదు, చివరిదాకా చదివి తెచ్చుకోండి.

రాజమండ్రిలో రూములు తీసుకుని చదువుకుంటున్న మన తమ్ముళ్లలో కొత్త పోటీ ఒకటి మొదలైంది. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనడం, బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయడం, 5 గిగాహెర్ట్జ్ అని స్క్రీన్‌షాట్ పెట్టడం. కింద వరసగా నిప్పు బొమ్మలు. స్టేబులేనా అని అడిగితే "విండోస్ వచ్చింది కదన్నా" అంటారు. నాట్లు పడగానే గింజలు గాదెలోకి వచ్చేసినట్టు!

మేం ఓవర్‌క్లాకింగ్‌కి వ్యతిరేకం కాదు. "మీకెందుకయ్యా ఇవన్నీ, టైపింగ్ నేర్చుకుంటే చాలు" అనే పెద్దమనుషుల పక్షం అసలే కాదు. డబ్బు లేనోడు ఉన్న యంత్రంతోనే ఎక్కువ పని చేయించుకుంటే తప్పేంటి? 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చవక చిప్పు. బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300ది కాస్తా 450 అయ్యేది. ఖరీదైన చిప్పు కొనలేనోళ్లు ఎగబడి వాడారు. అది మనలాంటి జేబులకు పనికొచ్చే విద్యే. మా గొడవంతా కాపీ కొట్టిన నంబర్లతో.

యూట్యూబ్‌లో ఎవరో 1.35 వోల్టులు పెట్టమన్నాడని మనమూ పెట్టేస్తాం. ఒకే మోడల్ చిప్పులైనా రెండూ ఒకేలా ఉండవు. పైగా ఆయన ఏసీ గదిలో కూర్చున్నాడు, మనం సిమెంటు రేకుల కింద. లెక్క చూడండి: చిప్పు లాగే కరెంటు పవరు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 వోల్టుల్ని 1.35 చేసి, వేగం 10 శాతం పెంచితే వేడి దాదాపు 39 శాతం ఎక్కువ. పది తీసుకుని నలభై కట్టడం. వడ్డీ వ్యాపారి దగ్గర ఈ లెక్క మనోళ్లకు బాగా తెలుసు, బయోస్‌లో మాత్రం మర్చిపోతాం.

సంక్రాంతికి 25 డిగ్రీల గదిలో 80 దగ్గర ఆగిన చిప్పు, రోహిణి కార్తెలో గది 42కి చేరితే 97 దాటుతుంది. గాలితో చల్లబరిచే కూలర్ గది వేడికి పైన లెక్క మొదలుపెడుతుంది తప్ప దానికంటే చల్లగా చేయలేదు. జనవరిలో స్టేబుల్ అన్నవాడు మేలో మళ్లీ టెస్ట్ చేయకపోతే ఆ మాటకు విలువ లేదు.

గేమ్ మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి, మాకేం బాధ లేదు. కానీ ఇవే పీసీల్లో మన కొండరెడ్డి, కోయ ముసలోళ్ల పాటలు, మాటలు ఉన్నాయి. పోలవరం ముంపులో ఖాళీ అయిన దేవీపట్నం మండలం ఊళ్లలో తీసిన రికార్డింగులూ ఉన్నాయి. ఆ ఊళ్లో, ఆ అరుగు మీద, ఆ అవ్వ చేత మళ్లీ పాడించగలమా? స్టేబుల్‌గా లేని యంత్రం ప్రతిసారీ నీలం తెర చూపించి ఆగదు. నిశ్శబ్దంగా ఒక లెక్క తప్పు చేస్తుంది. శబ్దం శుభ్రం చేసి సేవ్ చేసిన ఫైల్లో, కాపీ చేసిన జిప్‌లో ఆ తప్పు కూర్చుంటుంది. ఏడాది తర్వాత తెరిస్తే గానీ తెలియదు.

"టెస్టులకు రాత్రంతా కరెంటు దండగ" అంటారు. సరే, దండగే అనుకుందాం. అయితే ఓవర్‌క్లాక్ మానేయండి, అది ఇంకా చవక. చేస్తామంటే మాత్రం పద్ధతిగా చేయండి. ఇంటెల్‌లో చాలావరకు పేరు చివర కె ఉన్న చిప్పు, జెడ్ బోర్డు ఉంటేనే మల్టిప్లయర్ కదులుతుంది. అది లేకపోతే గొడవే లేదు. ఉంటే మల్టిప్లయర్‌ని ఒక్కో మెట్టే పెంచాలి. వోల్టేజిని ఆటోకి వదిలేయొద్దు, చాలా బోర్డులు అవసరానికి మించి పోస్తాయి. ప్రైమ్95 గానీ ఓసీసీటీ గానీ గంటల తరబడి నడపాలి. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ అనే పేరుతో హెచ్చరికలు ఉన్నాయేమో చూడాలి. ఒక్కటున్నా ఫెయిలే, పీసీ ఆగకపోయినా సరే. ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకే, దాన్ని మెమ్‌టెస్ట్86తో విడిగా తేల్చుకోవాలి. 4.5 పాసైతే 4.4 దగ్గర ఆపండి. ఆ మెట్టు ఎండాకాలం కోసం.

మన ఏజెన్సీ ఊళ్లలో వోల్టేజి ఎగుడుదిగుళ్లు చెప్పక్కర్లేదు. యూపీఎస్ లేకుండా రీస్టార్ట్ అయితే తప్పు చిప్పుదో లైనుదో ఎలా తేలుస్తారు?

2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు ఏమయ్యాయో గుర్తుందా? ఓవర్‌క్లాక్ ముట్టుకోని వాళ్లకూ క్రాష్‌లు వచ్చాయి. వోల్టేజి ఎక్కువవుతోందని కంపెనీయే ఒప్పుకుని ఆగస్టులో మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులు మాత్రం ఆ అప్‌డేట్‌తో బాగుపడలేదు. అంత పెద్ద కంపెనీకే వోల్టేజి అలా ఎదురు తిరిగితే, స్కాలర్‌షిప్ డబ్బుతో కొన్న మన చిప్పుకి వారంటీ ఎవరిస్తారు?

కాబట్టి ఇకనుంచి స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లని మేం మూడే అడుగుతాం: టెస్టు ఎన్ని గంటలు నడిచింది, అప్పుడు గదిలో వేడి ఎంత, వీయా హెచ్చరికలు ఎన్ని. రికార్డింగుల ఫోల్డర్ ఎవరి దగ్గరుందో వాళ్లు ఈ నెలలోనే బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, ఫైళ్లని రెండు వేరే డిస్కుల్లోకి కాపీ చేసి, చెక్‌సమ్‌లు సరిచూసి ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఆ పీసీలో గడియారం ముట్టుకోవద్దు.