పాత సానరాయి పారేస్తున్నారా?

సెలూన్‌కి వెళితే ఇప్పుడు కొత్త బ్లేడును సగానికి విరిచి, ఆ ముక్కను కత్తికి తొడిగి గడ్డం గీస్తున్నారు. ఎయిడ్స్ గురించి ప్రచారం పెరిగాక వచ్చిన మంచి అలవాటిది. దాంతో రెండు వస్తువులు మూలన పడ్డాయి... మడత కత్తి, దాన్ని నూరే సానరాయి. కత్తినైతే తాతగారి గుర్తుగా దాచుకుంటారు. రాయినెవరు దాస్తారు? నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా అది పాత సామాన్లతో కలిసి తుక్కు కొట్టుకు పోతుంది. లేదంటే వంటింటి కత్తుల పాలవుతుంది. మడత కత్తితో గడ్డం గీసుకునే సరదా ఉన్నవాళ్లు కొన్ని రకాల రాళ్లకు వేలు పోస్తారని తెలిస్తే అంత తేలిగ్గా వదిలేస్తామా?

జగ్గయ్యపేటలో రాళ్లకు కరువా అంటారేమో! అక్కడ విస్తారంగా ఉన్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దానికోసమే. 1882లో బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపం శిల్పాలూ ఆ జాతి రాతిలో చెక్కినవే. మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంత చక్కగా ఉలికి లొంగే రాయి ఉక్కును అరగదీయలేదు. మోస్ కొలతలో దాని గట్టిదనం 3, గడ్డం కత్తి ఉక్కుది 6కి పైనే. కాబట్టి ఎవరైనా నున్నటి నాపరాతి ముక్కను పాత సానరాయి అని చూపిస్తే, అడుగున ఓ మూల మేకుతో గీకి, ఆ పొడిమీద నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

పదును పెట్టేది కురువిందం. గట్టిదనం 9. పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో దొరుకుతుంది. దాని పొడిని లక్కలో కలిపి సానలు చేయడం మన దేశంలో పాత విద్య. (అలాంటిది దొరికితే ఎండలో, వేడినీళ్లలో పెట్టకండి. లక్క మెత్తబడుతుంది.) ఇంగ్లిషువాళ్ల 'కోరండం' అనే మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిందే. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ కొత్త పదార్థం తయారుచేసి, ఆ మాటకే ముందు 'కార్బన్' తగిలించి 'కార్బొరండం' అన్నాడు. మన మాట అమెరికా వెళ్లి, రాయిగా మారి మళ్లీ మన సెలూన్లకే వచ్చిందన్నమాట!

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఈ కార్బొరండమే. నల్లగా, బూడిదరంగుగా ఉంటుంది, వెలుతురులో రవ్వలు మిలమిల్లాడతాయి. చాలావాటికి ఒకవైపు గరుకు, రెండోవైపు సన్నం. ఇది కొత్తదీ దొరుకుతుంది కాబట్టి పాతదని ఎక్కువ పెట్టనక్కర్లేదు. అరుదైనవి సహజమైన రాళ్లు. పైన మీగడ పసుపు, కింద నీలి ఊదా పొర ఉంటే బెల్జియం కోటికుల్ కావచ్చు. అందులో పదును పెట్టేవి కంటికి కనపడని గోమేధికం జాతి రవ్వలు. జర్మనీ తురింజియా రాళ్లు పలకలా నున్నగా, బూడిద, ఆకుపచ్చ ఛాయల్లో ఉంటాయి. వీటి చివర పాత కాగితం లేబుల్ మిగిలి ఉంటే ధర అమాంతం పెరుగుతుంది. శుభ్రం చేద్దామని దాన్ని గీకేస్తే గీకినంతా డబ్బే!

కొనేటప్పుడు నీళ్లు చల్లి చూడండి. పైన ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నటి తడి గీత మిగిలితే అది పగులు. గోటితో నిమిరితే ఎక్కడా తట్టకూడదు. స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. మధ్యలో గుంట పడితే భయపడక్కర్లేదు. అద్దం పలకమీద తడి ఉప్పుకాగితం పరిచి రుద్దితే చదునవుతుంది. గుంట పేరు చెప్పి కాస్త బేరమూ ఆడొచ్చు. అయితే రాయి ఫలానాదని మీకు తెలిసి, అమ్మే ఇంటివాళ్లకు తెలియకపోతే మాత్రం చెప్పి కొనండి. ఓ నాయీబ్రాహ్మణ కుటుంబాన్ని ఏళ్ల తరబడి పోషించిన వస్తువును తుక్కు ధరకు తన్నుకుపోవడం బేరం కాదు.

రాయితోపాటు కత్తీ కొంటే దాన్ని ఒక్కరే వాడాలి. తండ్రీ కొడుకులైనా సరే, ఎవరి కత్తి వారిదే.